ఇంట్లో ఒక్కటే కంప్యూటర్: వాలరెంట్, కాలేజీ లినక్స్, నాన్నగారి ట్యాలీ. డ్యూయల్ బూట్‌కి సలహా కావాలి

అల్లవరం అబ్బాయి
శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. కాకినాడలో బీటెక్ సీఎస్ఈ రెండో ఏడాది చదువుతున్నాను, సెలవులకి ఇంటికి వస్తుంటాను. ఇంట్లో ఉన్నది ఒక్కటే డెస్క్‌టాప్. నాన్నగారికి రొయ్యల మేత కొట్టు ఉంది, లెక్కలన్నీ అందులోని ట్యాలీలోనే. నాకు ల్యాబు పనికి లినక్స్ కావాలి. వాలరెంట్ ఆడతాను. చెల్లి మైన్‌క్రాఫ్ట్ ఆడుతుంది.

సిస్టమ్ ఇదండి: రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. ఇంకా విండోస్ 10 మీదే ఉంది. 2025 అక్టోబరు 14తో దాని సపోర్ట్ అయిపోయింది కదా, ఎలాగూ 11కి వెళ్లాలి. వెళ్లేటప్పుడే లినక్స్ కూడా పక్కన పెట్టి, ఆన్ చేసినప్పుడు ఏది కావాలంటే అది తెరుచుకునేలా (డ్యూయల్ బూట్) చేసుకుందామని ఆలోచన. కానీ 11 పడుతుందో లేదో చూసే హెల్త్ చెక్ ప్రోగ్రామ్ పెడితే సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ఓఎస్‌నే లేవనిచ్చే ఏర్పాటు) లేదంటోంది, టీపీఎం (భద్రతా కీలు దాచే చిప్పు) లేదంటోంది.

దగ్గర్లో ఒక షాపులో అడిగితే మొత్తం ఫార్మాట్ చేసి రెండూ వేసిస్తామన్నారు. లెక్కల సంగతి అడిగితే "డీ డ్రైవ్‌లో పెట్టుకోండి, ఏం కాదు" అన్నారు. నాకు ధైర్యం చాలడం లేదు. ఉన్న డిస్కునే రెండుగా చేయాలా, ఇంకో ఎస్ఎస్‌డీ కొనాలా? ఏది ముందు, ఏది తర్వాత?

భీమవరం బైట్
శనివారం రాత్రి 9:31

తమ్ముడూ, నీకు డ్యూయల్ బూట్ అక్కర్లేదు. విండోస్ 11 వేసుకుని, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఆన్ చేసుకో. సీ, పైతాన్, డాకర్ అన్నీ అందులోనే నడుస్తాయి. మాటిమాటికీ రీబూట్ చేసే బాధ ఉండదు. మా ఆఫీసులో అందరం అలాగే చేస్తున్నాం.

కాకినాడ కెర్నల్
శనివారం రాత్రి 10:05

బైట్ గారు చెప్పింది ఉద్యోగం చేసేవాళ్లకి సరిపోతుంది. చదువుకునే కుర్రాడికి సరిపోదని నా అభిప్రాయం. డబ్ల్యూఎస్ఎల్ 2 అంటే లోపల నడిచే వర్చువల్ మెషీనే, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్. మనం ఏమీ మార్చకపోతే ర్యామ్‌లో సగం వరకు వాడుకోగలదు. యూఎస్‌బీకి ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు తగిలిస్తే నేరుగా కనిపించదు, దానికి వేరే టూల్ వేసుకోవాలి. అంతకన్నా ముఖ్యమైనది, మెషీన్ ఎలా బూట్ అవుతుంది, డ్రైవర్ ఎక్కడ లోడ్ అవుతుంది, పార్టిషన్ ఎలా మౌంట్ అవుతుంది అన్నవి చేత్తో తెలుసుకునే వయసు ఇదే. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు పరీక్ష కోసం బట్టీ పట్టిన పిల్లలకీ, సొంత మెషీన్‌లో లినక్స్ పెట్టుకుని వాడిన పిల్లలకీ తేడా నేను ల్యాబులో రోజూ చూస్తున్నాను. పెట్టుకోవాలి, తప్పకుండా పెట్టుకోవాలి.

అయితే నీ ఇంట్లో పరిస్థితి వేరు. ఆ కంప్యూటర్ మీద ఒక కొట్టు నడుస్తోంది. అందుకని మొదటి ప్రశ్న "ఏ లినక్స్" అన్నది కాదు, "లెక్కలు ఎన్ని చోట్ల ఉన్నాయి" అన్నది. ఇప్పుడు ఎన్ని చోట్ల ఉన్నాయి?

అల్లవరం అబ్బాయి
శనివారం రాత్రి 10:11

ఒక్క చోటే సార్. డీ డ్రైవ్‌లో.

తణుకు ట్యాలీ
శనివారం రాత్రి 10:48

అయితే మిగతా చర్చంతా పక్కన పెట్టి, రేపు పొద్దున్నే ఈ పని చేయి బాబూ.

ట్యాలీలో బ్యాకప్ ఆప్షన్ ఉంది, దాంతో ప్రతి కంపెనీకీ బ్యాకప్ తీయి. ఫోల్డర్ కాపీ ఒక్కటే చేసి ఊరుకోకు. రెండూ చేయి. ఒకటి బయట హార్డ్ డిస్కులో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో. తర్వాత ఆ పెన్‌డ్రైవ్ పట్టుకుని వేరే కంప్యూటర్‌కి వెళ్లి, అక్కడ ట్యాలీలో రీస్టోర్ చేసి తెరిచి చూడు. నిరుటి మార్చి 31 ముగింపు బ్యాలెన్సులు, పార్టీల బకాయిలు మీ నాన్నగారి చేత సరిచూపించు. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ కింద లెక్కపెట్టను.

రెండోది చాలామందికి తెలియదు. ట్యాలీ లైసెన్సు ఆ మెషీన్‌కి ముడిపడి ఉంటుంది. ఫార్మాట్ చేసే ముందు ట్యాలీలోనే లైసెన్స్ సరెండర్ చేయాలి. కొత్త విండోస్‌లో మళ్లీ యాక్టివేట్ చేసుకోవచ్చు. సరెండర్ చేయకుండా డిస్కు చెరిపేస్తే కొత్తదాంట్లో లైసెన్సు దగ్గర ఇబ్బంది పడతారు. లైసెన్సు లేకుండా తెరిస్తే ఎడ్యుకేషన్ మోడ్‌లోకి పోతుంది, అందులో అన్ని తేదీలకీ ఎంట్రీ వేయనివ్వదు. మేత బిల్లులు రోజూ కొట్టాల్సిన కొట్టులో అది జరగకూడదు. సీరియల్ నంబరు, ఏ ఈమెయిల్ మీద లైసెన్సు ఉందో అదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంకొక మాట. నెలలో 11వ తేదీ, 20వ తేదీ దగ్గర్లో ఈ పని పెట్టుకోవద్దు. జీఎస్టీ రిటర్నుల హడావిడిలో కంప్యూటర్ విప్పితే ఇంట్లో అందరికీ టెన్షనే.

యానాం గేమర్
శనివారం రాత్రి 11:20

గేమ్స్ సంగతి నేను చెప్తా బ్రో.

వాలరెంట్ లినక్స్‌లో రాదు. ఆశ పెట్టుకోకు. దాని వాన్‌గార్డ్ యాంటీచీట్ (ఆటలో మోసాలు పట్టే ప్రోగ్రామ్) విండోస్ కెర్నల్‌లో, అంటే ఓఎస్ గుండెకాయలో కూర్చుంటుంది, వర్చువల్ మెషీన్‌లోనూ ఒప్పుకోదు. విండోస్ 11 మీద అయితే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి, లేకపోతే వాన్ 9001 లేదా 9003 ఎర్రర్ చూపించి గేమ్ తెరవదు. అందుకని "లినక్స్ వేయాలంటే సెక్యూర్ బూట్ ఆపేయండి" అని పాత వీడియోల్లో చెప్పేది నీకు పనికిరాదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే ఎక్కే లినక్స్ వేసుకోవాలి.

ఫోర్ట్‌నైట్, పబ్‌జీ రావు. ఎపెక్స్ లెజెండ్స్ ఇదివరకు వచ్చేది, 2024 అక్టోబరు 31న లినక్స్‌కి తలుపు మూసేశారు. జీటీఏ ఆన్‌లైన్ కూడా 2024 సెప్టెంబరులో బ్యాటిల్‌ఐ యాంటీచీట్ పెట్టాక రావడం లేదు, స్టోరీ మోడ్ మాత్రం నడుస్తుంది.

వచ్చేవి మాత్రం చాలా ఉన్నాయి. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 నేరుగా లినక్స్ వెర్షన్లే ఉన్నాయి. మిగతా సింగిల్ ప్లేయర్ గేమ్స్ చాలావరకు స్టీమ్‌లో ప్రోటాన్ (విండోస్ గేమ్స్‌ని లినక్స్‌లో నడిపేది) ఆన్ చేస్తే నడిచిపోతాయి. స్టీమ్ నడిపే వాల్వ్ వాళ్లు ప్రోటాన్‌ని 2018లో తెచ్చారు. 2022లో స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ వచ్చాక దాని మీద పని బాగా పెరిగింది, ఆ డెక్ లోపల ఉన్నదీ లినక్సే. ఏదైనా గేమ్ కొనే ముందు ప్రోటాన్‌డీబీ సైటులో పేరు వెతుకు. మల్టీప్లేయర్ అయితే "ఆర్ వీ యాంటీచీట్ యెట్" సైటు చూడు.

చెల్లి ఆడేది మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ అయితే లినక్స్‌లోనే పెట్టెయ్, హాయిగా నడుస్తుంది. బెడ్‌రాక్ అయితే విండోస్‌లోనే.

పాలకొల్లు డీటీపీ
ఆదివారం ఉదయం 7:40

ఈ చర్చ చూసి నేనూ అడుగుతున్నానండి. మాది పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీల పని. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఫోటోషాప్. మా అబ్బాయి "అమ్మా, మొత్తం లినక్స్ చేసేద్దాం, వైరస్‌ల గొడవ ఉండదు" అంటున్నాడు. చేయొచ్చా?

కాకినాడ కెర్నల్
ఆదివారం ఉదయం 8:15

చేయొద్దండి మేడమ్. పేజ్‌మేకర్ 7 అనేది 2001 నాటి సాఫ్ట్‌వేర్, దాని తర్వాత కొత్త వెర్షనే రాలేదు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కావు. దాచుకున్న పాత కార్డులన్నీ ఆ ఎన్‌కోడింగ్‌లోనే ఉంటాయి. వాటిని తెరవాలంటే ఆ సెటప్ అలాగే ఉండాలి. మీ సంపాదన దాని మీద ఉంది కాబట్టి విండోస్‌ని కదపకండి.

కానీ రెండోదిగా లినక్స్ పెట్టుకుంటే లాభం ఉంది. ఈమధ్య కస్టమర్లు వాట్సాప్‌లో మేటర్ యూనికోడ్‌లోనే పంపుతున్నారు. పత్రికలకీ ఆఫీసులకీ ఇచ్చేవీ యూనికోడ్‌లోనే కావాలి. మండలి, పొన్నాల, సురన్న, రామభద్ర, తిమ్మన, ఎన్‌టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. లిబ్రే ఆఫీస్, ఇంక్‌స్కేప్ కలిపితే చిన్న కార్డు తయారైపోతుంది. మీ అబ్బాయి ఉత్సాహం మంచిదే, పాత కంప్యూటర్ ఒకటి ఇచ్చి దాని మీద చేయమనండి.

పాలకొల్లు డీటీపీ
ఆదివారం ఉదయం 8:22

అలాగేనండి. మాఘమాసం ముహూర్తాలు అయ్యేదాకా ఏదీ ముట్టుకోనివ్వను.

రావులపాలెం రిపేర్లు
ఆదివారం ఉదయం 11:03

అబ్బాయ్, కొట్టు మూసుకుని తీరిగ్గా రాస్తున్నాను. చదివి అర్థం కాకపోతే అడుగు.

నా దగ్గరికి డ్యూయల్ బూట్ చెడిపోయిందని వచ్చే మెషీన్లలో ఎక్కువ భాగం ఒకే డిస్కు మీద రెండూ పెట్టినవే. ఒకే గట్టుకి అటూ ఇటూ రెండు చెరువులు తవ్వినట్టు ఉంటుంది అది, గట్టు తెగితే రెండూ పోతాయి. విండోస్ ఇన్‌స్టాలర్ చేసే ఈఎఫ్ఐ పార్టిషన్ 100 ఎంబీ. దాంట్లోనే లినక్స్ బూట్ ఫైళ్లు కూడా సర్దుతారు. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు బూట్ వరస తారుమారవుతుంటుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న చాలా డ్యూయల్ బూట్ మెషీన్లలో లినక్స్ పైకి లేవలేదు, ఆ సంగతి అప్పట్లో ప్రపంచమంతా తెలిసింది. అది రెండు డిస్కులున్నా వచ్చేదే అనుకో. కానీ డిస్కు వేరైతే కనీసం ఒకదాన్ని బాగుచేయబోయి రెండోదాన్ని చెడగొట్టే ప్రమాదం ఉండదు. అందుకని ఇంకో ఎస్ఎస్‌డీ కొను. బీ450 బోర్డుల్లో ఎన్‌వీఎంఈ పట్టే ఎం.2 స్లాట్ చాలావాటికి ఒక్కటే ఉంటుంది కాబట్టి వైరుతో తగిలించే సాటా ఎస్ఎస్‌డీ తీసుకో, 500 జీబీ చాలు.

ఇప్పుడు నీ మెషీన్ సంగతి. టీపీఎం లేదంటోంది గానీ నీ ప్రాసెసర్‌లోనే ఉంది. బయోస్‌లో ఏఎండీ ఎఫ్‌టీపీఎం అన్న ఆప్షన్ ఆన్ చేస్తే చాలు. సెక్యూర్ బూట్‌తోనే చిక్కు, అది యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలోనే పనిచేస్తుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్ఇన్ఫో32 తెరువు. బయోస్ మోడ్ అన్నచోట లెగసీ అని ఉందా, యూఈఎఫ్ఐ అని ఉందా చూసి చెప్పు. లెగసీ అంటే పాత బూట్ పద్ధతి, అదైతే డిస్కు విభజన కూడా ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటుంది. దాన్ని కొత్త పద్ధతి జీపీటీకి మార్చకుండా బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ కానిచ్చే ఆప్షన్) ఆపేశావంటే విండోస్ లేవదు. కంగారు పడక్కర్లేదు, సీఎస్ఎం మళ్లీ ఆన్ చేస్తే లేస్తుంది. మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అని కమాండ్ ఉంది. ముందు వ్యాలిడేట్ అని పెట్టి నడుపు. అది ఏదీ మార్చదు, కుదురుతుందో లేదో మాత్రమే చెబుతుంది.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. పార్టిషన్ సైజు తగ్గించేటప్పుడు, బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడు కరెంటు పోతే నష్టం పెద్దది. మన వైపు చెరువుల ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) రాత్రంతా తిరుగుతాయి, తెల్లవారుజామున ఇంకా ఎక్కువ. ఆ వేళల్లో వోల్టేజీ ఎలా ఊగుతుందో నీకే తెలుసు. యూపీఎస్ మీద పెట్టి, పగటిపూట చేయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడు. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపల కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది.

నరసాపురం లేసు
ఆదివారం మధ్యాహ్నం 12:30

రిపేర్లు బాబాయ్ గారు చెప్పిన కరెంటు మాట నూటికి నూరుపాళ్లు నిజం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మా దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు కరెంటూ ఉండదు, నెట్టూ ఉండదు. ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌లు రెండూ ముందే తయారుచేసి ఇంట్లో పెట్టుకోవడం మంచిది.

నాదొక సందేహమండి. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ అయితే అవుతోంది, ఇన్‌స్టాలర్‌లో మాత్రం డిస్కే కనపడదు. ఇంటెల్ ప్రాసెసర్.

కాకినాడ కెర్నల్
ఆదివారం మధ్యాహ్నం 1:10

లేసు గారూ, బయోస్‌లో స్టోరేజీ ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్ మోడ్‌లో ఉండి ఉంటుంది. ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి. కానీ ఊరికే మార్చేస్తే విండోస్ నీలం తెర చూపిస్తుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా సెట్ చేసి, రీస్టార్ట్ చేసి బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి పైకి లేవనివ్వండి. ఆ తర్వాత సేఫ్ మోడ్ తీసేస్తే మామూలుగా వస్తుంది.

అంతకన్నా ముందు ఇంకో పని. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూడండి. ల్యాప్‌టాప్‌లలో మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసుకున్నాకే బయోస్ ముట్టుకోండి. కీ లేకుండా బయోస్ మార్చి, అది కీ అడిగితే డిస్కులోని ఫొటోలు, ఫైళ్లు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

అల్లవరం అబ్బాయ్, ఇది నీకూ వర్తిస్తుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే డెస్క్‌టాప్‌లలో కూడా ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది.

అల్లవరం అబ్బాయి
ఆదివారం సాయంత్రం 6:45

తణుకు ట్యాలీ గారూ, బ్యాకప్ తీసి మావయ్య కంప్యూటర్‌లో రీస్టోర్ చేశాం. నాన్నగారు పక్కన కూర్చుని బకాయిలు చూసుకున్నారు, అన్నీ సరిపోయాయి.

రిపేర్లు గారూ, లెగసీ అనే చూపిస్తోందండి. వ్యాలిడేట్ పెడితే ఫెయిల్ అయింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, దాని తర్వాత ఆకుపచ్చ గీత లోపల డీ, ఈ ఉన్నాయి.

రావులపాలెం రిపేర్లు
ఆదివారం రాత్రి 8:20

ఆ ఆకుపచ్చ గీత ఎక్స్‌టెండెడ్ పార్టిషన్. డీ, ఈ దాని లోపలి లాజికల్ డ్రైవ్‌లు. అలా ఉంటే ఆ కమాండ్ ఒప్పుకోదు. మార్చాలంటే డీ, ఈ ఖాళీ చేసి చెరపాలి. అది వద్దు. వరస తిప్పేద్దాం, ఇదే ఇంకా మంచిది.

కొత్త ఎస్ఎస్‌డీని లినక్స్‌కి కాకుండా విండోస్ 11కి ఇవ్వు. పాత ఎన్‌వీఎంఈని ముందు ముట్టుకోనే వద్దు. సీపీయూ క్యాబినెట్ తెరిచి దాన్ని స్క్రూ విప్పి బయటికి తీసి, ఓ కవర్లో పెట్టి బీరువాలో దాచు. అప్పుడు ఇన్‌స్టాలర్‌కి కనపడేది కొత్త డిస్కు ఒక్కటే, పొరపాటున కూడా పాతదాని మీద చెయ్యి పడదు. తీసే ముందు పాత విండోస్‌లో ట్యాలీ లైసెన్స్ సరెండర్ చేయించు. బయోస్‌లో సీఎస్ఎం ఆపి, ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్ చేసి, విండోస్ 11 వేయి. పాత విండోస్ 10 లైసెన్సు అసలుదైతే అది బోర్డుకి ముడిపడి ఉంటుంది, 11 దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

ట్యాలీ ఎక్కించి, బ్యాకప్ రీస్టోర్ చేసి, కొట్టు పని కొన్నాళ్లు దాని మీదే నడవనివ్వు. ప్రింటర్, బిల్లు ఫార్మాటు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, అన్నీ చూసుకోండి. ఏదైనా తేడా వస్తే పాత డిస్కు పెట్టి సీఎస్ఎం ఆన్ చేస్తే పాత కంప్యూటర్ ఉన్నదున్నట్టు లేస్తుంది, ట్యాలీ లైసెన్సు మాత్రం అందులో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. మీ నాన్నగారు "ఇక బాగానే ఉంది" అన్నాకే ఆ ఎన్‌వీఎంఈ చెరిపి లినక్స్ వేయి. లినక్స్ ఎక్కించేటప్పుడు కొత్త విండోస్ డిస్కు సాటా వైరు పీకి పక్కన పెట్టు. ఒక్కో ఇన్‌స్టాలేషన్‌లో ఒక్కో డిస్కే లోపల ఉండాలి.

సాటా కదా, గేమ్స్ నెమ్మదిస్తాయేమో అనుకోకు. లోడింగ్‌లో కాస్త తేడా ఉంటుందేమో గానీ ఆటలో ఫ్రేములు తగ్గవు.

క్యాబినెట్ తెరిచావు కాబట్టి ర్యామ్ కూడా తీసి దాని కాళ్లు (లోహపు కాంటాక్టులు) పెన్సిల్ చెరిపే రబ్బరుతో మెత్తగా తుడువు. అల్లవరం సముద్రానికి దగ్గర, ఉప్పుగాలికి ఆ కాంటాక్టులు నల్లబడతాయి. ఇన్‌స్టాలేషన్ మధ్యలో హ్యాంగ్ అయ్యిందని తెచ్చే మెషీన్లలో కొన్నింటికి ఇదొక్కటే రోగం.

భీమవరం బైట్
ఆదివారం రాత్రి 8:52

ఈ వరస నాకూ నచ్చింది. ఇలా అయితే డ్యూయల్ బూట్‌కి నా అభ్యంతరం లేదు.

తణుకు ట్యాలీ
ఆదివారం రాత్రి 9:15

రిపేర్లు గారు చెప్పిన దానికి నాదొక చేర్పు. గేమ్స్, లెక్కలు ఒకే విండోస్‌లో ఉండబోతున్నాయి. అందుకని నాన్నగారికి వేరే యూజర్ అకౌంట్, నీకు వేరే అకౌంట్ పెట్టు. నీది స్టాండర్డ్ అకౌంట్ అయితే మంచిది. క్రాక్ గేములు, చీట్‌లు, ఎక్కడివో తెలియని మోడ్‌లు (గేముని మార్చే ఫైళ్లు) ఆ విండోస్‌లోకి రానే కూడదు. పార్టీల ఖాతాలు, బ్యాంకు లాగిన్‌లు అన్నీ అక్కడే ఉంటాయి. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చి ట్యాలీ డేటా అంతా తాళం పడిపోయిన కొట్టు ఒకటి నేను చూశాను, ఆ ఏడాది లెక్కలన్నీ కాగితపు బిల్లుల నుంచి మళ్లీ ఎక్కించారు. వారానికోసారి బ్యాకప్ తీసి డ్రైవ్ పీకి పెట్టండి. తగిలించి ఉంచిన డ్రైవ్‌కి కూడా అదే తాళం పడుతుంది.

యానాం గేమర్
ఆదివారం రాత్రి 9:28

అందుకే చెల్లి మైన్‌క్రాఫ్ట్ లినక్స్‌లో పెట్టమన్నా. పిల్లలు ఎక్కడెక్కడివో మోడ్‌లు వేస్తారు. వాన్‌గార్డ్ కూడా విండోస్‌తోపాటే స్టార్ట్ అవుతుంది, ఆడనప్పుడు కింద ట్రే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ఆపేయొచ్చు. మళ్లీ ఆడాలంటే రీస్టార్ట్ చేయాలి, అంతే.

ఎవరో పైన క్రాక్ లింకు పెట్టారు, చూడండి మోడరేటర్ గారూ.

మోడరేటర్
ఆదివారం రాత్రి 9:40

తీసేశాం. ఈ వేదికలో అలాంటి లింకులు పెట్టకండి.

అల్లవరం అబ్బాయి
గురువారం రాత్రి 10:30

విండోస్ 11 అయిపోయిందండి. ట్యాలీ యాక్టివేట్ అయింది, వాలరెంట్ ఎర్రర్ లేకుండా తెరుచుకుంది. పాత డిస్కు బీరువాలోనే ఉంది, నాన్నగారు నెలాఖరు దాకా ఉంచమన్నారు. ఈలోగా లినక్స్ గురించి చదువుకుంటున్నాను. లినక్స్ రకాల్లో ఉబుంటు వేయాలా, మింట్ వేయాలా, ఆర్చ్ వేయాలా? మా హాస్టల్లో ఆర్చ్ అంటున్నారు.

కాకినాడ కెర్నల్
శుక్రవారం ఉదయం 6:50

నెలాఖరు దాకా ఉంచమన్న నాన్నగారి మాట బాగుంది, అలాగే చేయి.

ఆర్చ్ ఇప్పుడు వద్దు. ఆర్చ్ మామూలుగా సెక్యూర్ బూట్‌తో లేవదు, కీలు మనమే తయారుచేసి ఎక్కించుకోవాలి. అది నేర్చుకోదగ్గ విద్యే, కానీ మీ ఇంటి కంప్యూటర్ మీద కాదు. ఉబుంటు 24.04 గానీ, దాని మీద కట్టిన మింట్ 22 గానీ వేసుకో. రెండిటికీ 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. విండోస్ అలవాటు ఉన్న చెల్లికి మింట్ తేలిగ్గా ఉంటుంది.

నీ గ్రాఫిక్స్ కార్డుకి వేసే ఎన్‌విడియా డ్రైవర్ దగ్గర ఒక తెర వస్తుంది, దానికి సిద్ధంగా ఉండు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది కాబట్టి డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర మీద ఎన్‌రోల్ ఎంఓకే అని కనిపిస్తుంది. అది ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది అదేదో ఎర్రర్ అనుకుని కంటిన్యూ నొక్కేస్తారు, ఆ తర్వాత డ్రైవర్ లోడ్ కాక గేములు పాకుతుంటే లినక్స్‌ని తిడతారు.

గడియారం ఇంకొకటి. లినక్స్ బోర్డులోని గడియారాన్ని యూటీసీగా (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. తేడా ఐదున్నర గంటలు. నువ్వు రాత్రి లినక్స్ వాడి ఆపేశాక, నాన్నగారు తెల్లవారి 5 గంటలకి విండోస్ తెరిస్తే ముందు రోజు రాత్రి 11:30 అని ఉంటుంది. తేదీ చూసుకోకుండా బిల్లు కొడితే లెక్క మారిపోతుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ ఆర్‌టీసీ ఆప్షన్‌ని 1కి మార్చు, ఆ సమస్య ఉండదు.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ డిస్కులో లినక్స్ నుంచి ఏదైనా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. అసలు నాన్నగారి ట్యాలీ ఫోల్డర్ లినక్స్ నుంచి తెరవనే తెరవకు. కాలేజీ ఫైళ్లు గిట్‌తో గిట్‌హబ్ లాంటి ఆన్‌లైన్ చోట ఉంచుకుంటే ఎక్కడి నుంచైనా అందుతాయి.

యానాం గేమర్
శుక్రవారం ఉదయం 9:05

స్టీమ్ గేమ్స్ రెండు ఓఎస్‌లకీ ఒకే ఫోల్డర్ పెడదాం, స్పేస్ కలిసొస్తుంది అనిపిస్తుంది. పెట్టకు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి డిస్కు మీద ప్రోటాన్ సరిగా పనిచేయదు, అది చేసుకునే ఫైళ్ల పేర్లు విండోస్‌కి పడవు. విండోస్ గేమ్స్ విండోస్ డిస్కులో, లినక్స్ గేమ్స్ లినక్స్ డిస్కులో.

అల్లవరం అబ్బాయి
శుక్రవారం రాత్రి 9:50

అన్నీ నోట్ చేసుకున్నానండి. చివరగా ఒక్కటి. కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ ఓఎస్ కావాలో అడిగే తెర వస్తే నాన్నగారు, కొట్టులో కుర్రాడు కంగారు పడతారు. అది రాకుండా చేయొచ్చా?

రావులపాలెం రిపేర్లు
శుక్రవారం రాత్రి 10:14

రెండు డిస్కులు విడిగా ఉన్నాయి కాబట్టి అసలు ఆ తెర అక్కర్లేదు. బయోస్‌లో బూట్ వరసలో విండోస్ డిస్కుని మొదట పెట్టు. ఎవరు ఆన్ చేసినా నేరుగా విండోస్‌లోకే పోతుంది. నీకు లినక్స్ కావాల్సినప్పుడు ఆన్ చేయగానే బూట్ మెనూ కీ కొట్టి ఎన్‌వీఎంఈ ఎంచుకో. ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్ బోర్డులైతే ఎఫ్11, గిగాబైట్ అయితే ఎఫ్12, ఏసుస్ అయితే ఎఫ్8. విండోస్‌ని, లినక్స్ పెట్టే గ్రబ్ బూట్ మెనూలోంచి తెరవడం కన్నా ఇదే మేలు, గ్రబ్ మీదుగా వెళ్తే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగే అవకాశం ఉంది.

సాటా వైరు తిరిగి పెట్టాక బయోస్ ఒక్కోసారి వరస మార్చేస్తుంది. క్యాబినెట్ మూత బిగించే ముందే ఒకసారి ఆన్ చేసి చూసుకో.